"గ్యాస్ అన్నా, ఏం కాదు" – ఈ మాట బంద్ చేద్దాం

అన్నలారా, తమ్ముళ్ళారా, ఇది కొంచెం పెద్ద పోస్టు. సగం లంచ్ బ్రేకులో, సగం రూముకి పోయినాక చదువుకోండి. కానీ మొత్తం చదవండి.

ఎండలు ముదిరినయంటే మన సైట్లలో, గ్యాస్ స్టేషన్లలో, ట్రక్కుల్లో, హోటల్ కిచెన్లలో ఒకటే మాట వినపడతది. "చల్లటిది తాగితే ఇక్కడ పట్టేస్తుందన్నా" అని మనిషి ఛాతి నడిమధ్యలో చెయ్యి పెట్టి చూపిస్తాడు. పక్కనోడు తల కూడా ఎత్తడు. "గ్యాస్ అన్నా, ఏం కాదు. ఇంకో సోడా కొట్టు, త్రేన్పు వస్తే పోతది" అంటాడు. అంతే, కేసు క్లోజ్. రెండు నిమిషాల్లో ఆ మనిషి మళ్ళీ నిచ్చెన ఎక్కుతాడు.

మేం చెప్పేది ఒక్కటే. ఆ నొప్పి గ్యాస్ కావచ్చు, కాకపోవచ్చు. కానీ అది గ్యాసే అని తీర్పు చెప్పే హక్కు పక్కన డ్రైవాల్ మోసేవాడికి లేదు, ఫోర్‌మన్‌కి లేదు, వాట్సాప్ గ్రూపులో వాము నీళ్ళ ఫోటో పెట్టే బావకి లేదు. నొప్పి వచ్చినోడికి కూడా లేదు. ఎందుకో చెప్తాం.

మేం చదివింది పదో తరగతి. డాక్టర్లం కాదు. గల్ఫ్‌లో కొన్నేళ్ళు, ఇక్కడ కొన్నేళ్ళు మనుషులతో పని చేయించే పనిలో ఉన్నోళ్ళం. ఓషా వాళ్ళ 30 గంటల ట్రైనింగ్‌లో కూర్చున్నాం, మనోళ్ళని తీసుకుని ఆస్పత్రుల్లో కూర్చున్నాం, డాక్టర్లు చెప్పింది చెవులు పెట్టి విన్నాం. అందులోంచి తెలిసింది రాస్తున్నాం.

ముందుగా లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నోట్లోంచి కడుపుకి పోయే గొట్టం ఉంది, డాక్టర్లు అన్నవాహిక అంటారు. పొడవు దాదాపు 25 సెంటీమీటర్లు. అది పీవీసీ పైపు లాగ ఊరికే నిలబడి ఉండదు. కండతో చేసిన గొట్టం. మింగినప్పుడల్లా పైనుంచి కిందికి అల లాగ పిండుకుంటూ తోస్తది. దాంట్లోకి ఐసు లాంటి నీళ్ళు ఒక్కసారి గుమ్మరిస్తే కొంతమందిలో ఆ కండ తిమ్మిరెక్కినట్టు బిగుసుకుపోతది. కాలి పిక్క పట్టేసినట్టే, కాకపోతే ఛాతి లోపల. దాన్ని స్పాజమ్ అంటారు. బాగా చల్లటివి, బాగా వేడివి రెండూ దాన్ని రేపుతాయి.

ఇంకో సంగతి వింటే మన కాంక్రీటోళ్ళకి నవ్వొస్తది. ఆ గొట్టం మరీ గట్టిగా కొట్టుకునే జబ్బుకి డాక్టర్లు పెట్టిన పేరు "జాక్‌హామర్ ఈసోఫేగస్". మన చేతిలో ఉండే జాక్‌హామరే. ఈ మింగుడు జబ్బుల్ని వర్గాలుగా విడదీసే పద్ధతి పేరు చికాగో క్లాసిఫికేషన్, దాని నాలుగో వెర్షన్ 2021లో వచ్చింది. ఇదివరకు ఇలాంటిదానికే "నట్‌క్రాకర్" అనే పేరు వాడేవాళ్ళు, మన భాషలో అడకత్తెర అనుకోండి. పేర్లు చూస్తేనే తెలుస్తది కదా, ఇది త్రేన్పుతో పోయే వ్యవహారం కాదని. ముక్కులోంచి సన్నటి ట్యూబు వేసి, నీళ్ళు మింగించి, గొట్టం ఎంత బలంగా పిండుతుందో కొలుస్తారు. మానోమెట్రీ అంటారు. సోడా కొట్టి తెలుసుకునేది కాదు.

చల్లటిది తాగితే పట్టేయడానికి ఇంకా కారణాలున్నయి. కడుపులో ఆమ్లం పైకి తన్ని గొట్టం లోపల పుండ్లు పడటం ఒకటి. మన పనోళ్ళకి ప్రత్యేకంగా వచ్చేది ఇంకోటి ఉంది. నడుము నొప్పికి ఐబుప్రోఫెన్, ఇన్ఫెక్షన్‌కి డాక్సీసైక్లిన్, ఒక్క గుక్క నీళ్ళతో మింగి వెంటనే పరుపు మీద పడటం. ఆ మాత్ర సగం దారిలో అతుక్కుని అక్కడే కరిగి గొట్టాన్ని కాలుస్తది. తర్వాత రోజు ఏది మింగినా ఛాతి మధ్యలో కోస్తది. నీళ్ళ గ్లాసు నిండా తాగి, అరగంట నిటారుగా ఉంటే చాలావరకు తప్పే బాధ అది.

ఇంకా అకలేజియా అని ఉంది. గొట్టం అడుగున ఉన్న వాల్వు తెరుచుకోదు. అన్నమూ దిగదు, నీళ్ళూ దిగవు. పడుకుంటే తిన్నది వెనక్కి వస్తది. అది అరుదు, ఏడాదికి లక్షమందిలో ఒకరికి వచ్చే లెక్క. కానీ మాకు తెలిసిన ట్రక్కు డ్రైవర్ తమ్ముడు ఒకడు ఏడు నెలలు "గ్యాస్" అనే తిరిగాడు. బట్టలు వదులైతుంటే "డైటింగా" అని అందరూ నవ్విరి. చివరికి బేరియం తాగించి ఎక్స్‌రే తీస్తే అడుగున గొట్టం మూతపడి పక్షి ముక్కు లాగ కనపడ్డది. ఇప్పుడు చికిత్స అయింది, అన్నం తింటున్నాడు. ఆ ఏడు నెలలు మాత్రం వెనక్కి రావు.

సరే, ఇవన్నీ గొట్టం సంగతులు. ఎక్కువసార్లు సమస్య గొట్టందే, అది మేం కూడా ఒప్పుకుంటాం. ఎవరినీ భయపెట్టడం మా పని కాదు. కానీ ఆ గొట్టం ఎక్కడి నుంచి పోతదో తెలుసా? సరిగ్గా గుండె వెనకాల. గుండె ఎడమ పై గదికి ఆనుకుని. గుండె నుంచి, గొట్టం నుంచి మెదడుకి కబురు మోసే నరాల దారులు కలిసిపోయి ఉంటయి. ఒకే బ్రేకర్ మీద రెండు గదుల లైన్లు కలిపినట్టు. ట్రిప్ అయితే ఏ గదిలో తప్పో ప్యానెల్ చూసి చెప్పలేం. అందుకే నొప్పి వచ్చినోడికి కూడా తీర్పు చెప్పే హక్కు లేదన్నాం. "నా ఒళ్ళు నాకు తెల్వదా" అంటారు. ఈ విషయంలో తెల్వదన్నా. నీ మెదడుకే తెల్వదు.

చల్లటి డ్రింకు గుండె లయనే తప్పించిన మనుషులు కూడా ఉన్నరు. 2016లో కాలిఫోర్నియా డాక్టర్లు ఒక వైద్య పత్రికలో అలాంటి మనిషి కేసు రాశారు. గడ్డకట్టిన డ్రింకు తాగినప్పుడు తల జిల్లుమనడంతో పాటే అతని గుండె లయ తప్పింది, అదీ ఒకసారి కాదు. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు దాన్ని. అందరికీ అట్ల జరగదు. కానీ చల్లటిది తాగినాక ఛాతిలో చేప గిలగిల కొట్టుకున్నట్టు దడదడ ఉంటే అది గ్యాస్ లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలు మాటకి వస్తున్నాం. మనం చల్లటిది ఎప్పుడు తాగుతం? ఏసీ రూములో సోఫా మీద కూర్చుని కాదు. 80 పౌండ్ల కాంక్రీటు బస్తాలు, అంటే ఒక్కోటి 36 కిలోలు, దించి దించి, ఊపిరి పైకి ఎగబోస్తున్నప్పుడు తాగుతం. ఆ నిమిషంలో ఛాతి బిగిస్తే కారణం చేతిలో ఉన్న కోక్ అనుకుంటాం. కానీ గుండె రక్తనాళాలు సన్నబడ్డ మనిషికి బరువు మోసినప్పుడు, మెట్లెక్కినప్పుడే కదా ఛాతి పట్టేది. మోసింది బస్తా, నింద కోక్‌ది. గంటసేపు పని చేసిన గుండెని వదిలేసి, చివర్లో వచ్చిన డ్రింకుని పట్టుకుంటాం.

మా దగ్గర ఫ్రేమింగ్ చేసే పెద్దాయన ఒకరు ఇట్లనే "చల్లటిది పడదు" అని నెల రోజులు గోరువెచ్చటి నీళ్ళు తెచ్చుకున్నాడు. ఒకరోజు అడిగాం, "తాగకుండా ప్లైవుడ్ మోసినప్పుడు ఎట్ల ఉంటదన్నా?" అని. కొంచెంసేపు ఆలోచించి "అప్పుడూ పడతది" అన్నాడు. పని ఆపించి ఆస్పత్రికి పంపినం. రెండు స్టెంట్లు పడ్డయి. ఆ ఒక్క ప్రశ్న ఆ నెలలో ఎవరైనా అడగొచ్చు. అందరూ "గ్యాస్" అన్నారు కాబట్టి ఎవరూ అడగలేదు.

మన జాతికి ఈ ముచ్చట ఇంకా ఎక్కువ వర్తిస్తది. 2018లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ప్రత్యేకంగా దక్షిణాసియా వాళ్ళ గురించే ఒక ప్రకటన రాసింది. ఇండియా, పాకిస్తాన్, బంగ్లాదేశ్ వైపు నుంచి వచ్చినోళ్ళకి గుండె రక్తనాళాల జబ్బు ముప్పు ఇక్కడి మిగతా చాలామంది కంటే ఎక్కువ అని. శాన్‌ఫ్రాన్సిస్కో, చికాగో ప్రాంతాల్లో మనలాంటి వాళ్ళ మీదే 2010 నుంచి మసాలా అనే పేరుతో పెద్ద అధ్యయనం నడుస్తుంది. పేరు చూసి నవ్వుకోండి, విషయం మాత్రం నవ్వేది కాదు. సన్నగా ఉన్నా, పొట్ట ఒక్కటే ముందుకు వచ్చిన మనిషికి కూడా షుగరు, గుండె జబ్బు వచ్చే ఒళ్ళు మనది.

"ఈనో తాగితే తగ్గింది కదా, అంటే గ్యాసే కదా" అంటారు. కాదు. యాంటాసిడ్ తాగినాక నొప్పి తగ్గడం గుండె బాగుందనడానికి రుజువు కాదు. గుండె నొప్పి కూడా పని ఆపి కూర్చుంటే కాసేపటికి తగ్గుతది. ఈనో కలుపుకుని తాగాలంటే కూర్చోక తప్పదు కదా. తగ్గింది ఈనోతోనో కూర్చోవడంతోనో ఎవడు చెప్పాలె? పైగా ఈనోలో సోడియం బాగా ఉంటది, బీపీ ఉన్నోడు రోజూ తాగేది కాదు.

ఊరినుంచి వచ్చే సూట్‌కేసుల్లో రానిటిడిన్ షీట్లు పట్టుకొస్తరు, ఆవకాయ సీసా పక్కన. 2020 ఏప్రిల్‌లో అమెరికా ఎఫ్‌డీఏ రానిటిడిన్ మందులన్నిటినీ షాపుల్లోంచి తీసేయమని చెప్పింది, ఎన్‌డీఎంఏ అనే క్యాన్సర్ తెచ్చే అవకాశమున్న పదార్థం అందులో పెరుగుతుందని. మనం మాత్రం ఆ షీట్లనే చాక్లెట్ల లాగ పంచుకున్నం. ఇక్కడ షాపులో చీటీ లేకుండా దొరికే ఒమెప్రజోల్ డబ్బా మీద కూడా స్పష్టంగా రాసి ఉంటది: 14 రోజులు వాడాలి, డాక్టర్ చెప్పకుండా నాలుగు నెలల్లో మళ్ళీ వాడొద్దు అని. మనోళ్ళు 14 నెలలు వాడతరు. ఎందుకంటే ఆస్పత్రి కంటే డబ్బా చవక.

అసలు భయం ఇదే. బిల్లు. దీన్ని తప్పించుకుని మాట్లాడితే మేం కూడా ఉపన్యాసం ఇచ్చినట్టే. బిల్లు నిజం. ఇన్సూరెన్స్ లేనోడికి ఎమర్జెన్సీ బిల్లు చూస్తే ఛాతి నొప్పి లేనోడికి కూడా వస్తది. కానీ బిల్లు భయంతో తెలుసుకోకుండా వదిలేసిన సంగతులు ఉన్నయి.

1986లో చేసిన ఎమ్‌టాలా అనే ఫెడరల్ చట్టం ఉంది. మెడికేర్ తీసుకునే ఆస్పత్రి ఎమర్జెన్సీకి నువ్వు పోతే, ముందు నిన్ను పరీక్ష చెయ్యాలె, ప్రాణాపాయం ఉంటే నిలబెట్టాలె. డబ్బుందా, ఇన్సూరెన్స్ ఉందా, కాగితాలున్నయా అన్న దాని మీద అది ఆధారపడదు. ఛాతి నొప్పితో పోయినోడికి పది నిమిషాల్లో ఈసీజీ తీసి చూడాలని గుండె డాక్టర్ల మార్గదర్శకాలు చెప్తయి. బిల్లు తర్వాత వస్తది. వచ్చినప్పుడు, అది లాభాపేక్ష లేని ఆస్పత్రి అయితే, వాళ్ళు ఆర్థిక సాయం పాలసీ పెట్టి తీరాలి. మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా దానికి అప్లికేషన్ పెట్టుకోవచ్చు. "ఫైనాన్షియల్ అసిస్టెన్స్ ఫారం" అని అడగండి. అడగనోడికి చేతికి తెచ్చివ్వరు.

అర్జెంటు కాని వాటికి కమ్యూనిటీ హెల్త్ సెంటర్లున్నయి. ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటరు, కట్టలేవని వెనక్కి పంపరు. మింగుడు బాధ మెల్లగా ఉండి, వస్తూ పోతూ ఉంటే మొదటి అడుగు అక్కడే వేయొచ్చు.

టెక్సాస్‌లో ఉన్నోళ్ళకి ఇంకో భయం. 2024 నవంబర్ 1 నుంచి ఆస్పత్రుల్లో పౌరసత్వం గురించి అడుగుతున్నరు, గవర్నర్ ఆర్డర్ మీద. ఆ ప్రశ్నకి జవాబు చెప్పకపోయినా, చెప్పిన జవాబు ఏదైనా, వైద్యం ఆగదు. ఈ మాట ఆ ఆర్డర్‌లోనే ఉంది. ప్రశ్నకి భయపడి ఇంట్లో ఛాతి పట్టుకుని కూర్చోకండి.

ఇంకొక్కటి, మాటకి సంబంధించింది. మన "గ్యాస్" వేరు, వాళ్ళ గ్యాస్ వేరు. బండిలో పోసేది కాకపోతే, అమెరికా నర్సుకి గ్యాస్ అంటే పొట్ట ఉబ్బరం, కింది నుంచి పోయే గాలి. ఛాతి పట్టుకుని పోయి కౌంటర్ దగ్గర "గ్యాస్ ప్రాబ్లం" అన్నవంటే వాళ్ళు అట్లనే రాసుకుంటరు, నువ్వు వరుసలో చివరికి పోతవు. "చెస్ట్ పెయిన్" అను. "చెస్ట్ ప్రెషర్ వెన్ ఐ స్వాలో" అను. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అని అడుగు. ఫెడరల్ డబ్బు తీసుకునే ఆస్పత్రి ఉచితంగా దుబాసీని ఇవ్వాలె, ఫోన్లోనైనా సరే. ఆ ఒక్క తెలుగు మాట ఇంగ్లీషులో మన ప్రాణం మీదికి తెస్తది.

ఇక పని చేయించేటోళ్ళ సంగతి. "గ్యాస్" అనే మాట సైటు మీద ఎందుకంత తొందరగా వస్తదో ఎప్పుడైనా ఆలోచించిన్రా? ఎందుకంటే గ్యాస్‌కి పని ఆగదు. ఛాతి నొప్పి అంటే పని ఆపాలె, 911 కొట్టాలె, రిపోర్టు రాయాలె. గ్యాస్ అంటే ఒక సోడాతో అయిపోతది. సూపర్‌వైజర్ల మీటింగుల్లో కూడా మేం ఇదే అంటున్నం. షెడ్యూలు కాపాడటానికి రోగం పేరు మార్చొద్దు.

నాలుగు గంటలు నీళ్ళ దగ్గరికి పోనీయకుండా పని చేయించి, తర్వాత అయిదు నిమిషాలిస్తే మనిషి ఏం చేస్తడు? 32 ఔన్సుల కప్పు నిండా ఐసుతో, అంటే దాదాపు 950 మిల్లీలీటర్లు, ఒక్క దమ్ములో దించుకుంటడు. గొట్టం బిగుసుకోకపోతే ఏమైతది? కన్‌స్ట్రక్షన్ సైట్లో తాగునీళ్ళు సరిపడా పెట్టాలని ఓషా నిబంధన ఉంది. ఎండలో 15, 20 నిమిషాలకొకసారి 8 ఔన్సులు తాగమని అదే ఓషా సలహా. కొంచెం కొంచెం, చల్లగా ఉంటే చాలు, ఐసుగడ్డ కానక్కర్లేదు. కానీ ఆ 20 నిమిషాలకొకసారి పని దించే వీలు ఇచ్చేదెవరు? ఆస్టిన్ 2010లో, డాలస్ 2015లో నాలుగు గంటలకి పది నిమిషాల బ్రేక్ అని నగర నిబంధనలు పెట్టుకున్నయి. 2023లో టెక్సాస్ శాసనసభ హెచ్‌బీ 2127 చేసి అలాంటి నగర నిబంధనల మీదికే వచ్చింది. పది నిమిషాలు కూడా ఎక్కువైపోయినయి వాళ్ళకి.

ఆ బ్రేక్ లేని చోట్ల మనోళ్ళు దేనితో నెట్టుకొస్తున్నరు? ఎనర్జీ డ్రింకులతో. 16 ఔన్సుల మాన్‌స్టర్ డబ్బాలో 160 మిల్లీగ్రాముల కెఫీన్ ఉంటది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద మనిషికి రోజుకి 400 దాకా పర్వాలేదని ఎఫ్‌డీఏ అంటది. మూడు డబ్బాలకే అది దాటిపోయింది, పొద్దున చాయ్ లెక్క వేయకుండానే. ఐసు చలి, కెఫీన్, గ్యాసు బుడగలు, ఖాళీ కడుపు, అన్నీ కలిపి ఒకే గుక్కలో. తర్వాత "ఏందో పట్టేసిందన్నా".

కాబట్టి మేం అడిగేది ఇది. రేపటి నుంచి ఎవరైనా ఛాతి మీద చెయ్యి పెడితే "గ్యాస్" అనకండి. పని దించి కూర్చోబెట్టి అడగండి: తాగకుండా బరువు మోసినా వస్తుందా? ఎంతసేపుంటుంది? చెయ్యికి, దవడకి, వీపుకి పాకుతుందా? చెమటలు, ఆయాసం, దడ, కళ్ళు తిరగడం ఉన్నయా? వీటిలో ఒక్కదానికి అవునన్నా, నొప్పి అయిదు నిమిషాల్లో పోకపోయినా, ఇంతకుముందు లేని గట్టి నొప్పి అయినా, 911. సొంత బండి నడుపుకుంటూ పోవద్దు. అర్జెంట్ కేర్‌కి కూడా వద్దు, వాళ్ళూ చివరికి అంబులెన్స్ పిలిచేదే.

ఇవేవీ లేకుండా చల్లటిది మింగితేనే పట్టి, వెంటనే పోతుంటే, చల్లటిది ఆపి ఆ వారంలోనే డాక్టర్‌కి చూపించండి. మెతుకు అడ్డం పడుతున్నా, ఒళ్ళు తగ్గుతున్నా, రాత్రి తిన్నది వెనక్కి వస్తున్నా అస్సలు ఆలస్యం వద్దు. రక్తం వాంతయినా, దొడ్డికి నల్లగా పోతున్నా అదే రోజు ఎమర్జెన్సీకి పోండి.

డాక్టరు చూసి, ఈసీజీ తీసి "ఇది గ్యాసే" అంటే సంతోషం. ఆ రోజు అందరం కలిసి నవ్వుకుందాం. అప్పటిదాకా ఆ మాట మన నోట రావొద్దు. మన పిల్లల ఫీజులు, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు, ఊళ్ళో సగం కట్టిన ఇల్లు, అన్నీ ఆ ఛాతి మీద నిలబడి ఉన్నయి. పిల్లర్‌లో పగులు కనపడితే సున్నం పూసి పైన స్లాబు పోయం కదా. మనిషి దగ్గర మాత్రం ఎందుకు పోస్తున్నం?

ఈ పోస్టు మీ క్రూ గ్రూపులో పెట్టండి. ఇంగ్లీషు రానోడికి, చదువు రానోడికి చదివి వినిపించండి. చల్లటిది పడక ఎవరికీ చెప్పుకోని మనిషి ప్రతి గ్రూపులో ఒకడుంటడు. ముందు అతనికి చదివి వినిపించండి.